చూపు ఆనడం లేదని రాసిచ్చిన కాగితం

జీతం రోజున కిటికీ దగ్గర కవరు విప్పి చూసుకుంటే, బీమా కింద కోసిన డబ్బులు కనబడి నాకు ఒళ్ళు మండేది. అరవైల చివర్లో పటాన్‌చెరు దగ్గర నీటి పంపులు చేసే కంపెనీలో నేను లేత్ మిషను మీద ఇనుము చెక్కే టర్నరుగా చేరిన కొత్త. వయసులో ఉన్నాను, జలుబు కూడా ఎరగను. గుండ్రాయిలాంటి మనిషి దగ్గర జబ్బుల పేరు చెప్పి నెలనెలా డబ్బు గుంజుకోవడం ఏమిటని నా గోల. నా ఒక్కడిదే కాదు, షెడ్డులో అందరిదీ అదే గోల. కోత పోను చేతికొచ్చింది లెక్కపెట్టుకుంటూ బీమావాళ్ళను నాలుగు తిట్లు తిట్టడం మాకు జీతం రోజున ఒక ఆనవాయితీ.

మాది తెనాలి వైపు. ఇక్కడ పెద్ద ప్రభుత్వ కర్మాగారం వచ్చింది, చేతిలో పని ఉన్నవాణ్ణి పిలిచి మరీ తీసుకుంటున్నారని ఎవరో చెబితే బట్టల సంచీతో బస్సెక్కి వచ్చేశాను. పిలిచి ఎవరూ తీసుకోలేదు. రెండుసార్లు ఇంటర్వ్యూకి వెళ్ళి, రెండుసార్లూ పేరు రాక, చివరికి ఈ చిన్న కంపెనీలో కుదురుకున్నాను. పెద్ద కర్మాగారం వాళ్ళకి సొంత క్వార్టర్లు, సొంత బడి, సొంత ఆసుపత్రి. మాకు బీమా కార్డు. ఆ కార్డు పట్టుకెళితే పటాన్‌చెరు బజారు వెనక ఒక అద్దె ఇంట్లో నడిచే బీమా దవాఖానలో మాకూ, మా ఇంట్లోవాళ్ళకీ మందు ఇచ్చేవారు. సీసా మనమే తీసుకెళ్ళాలి. ఎర్ర మందు ఒకటి, తెల్ల మందు ఒకటి ఉండేవి. నడుం పైన నొప్పికి ఎర్రది, నడుం కింద నొప్పికి తెల్లది అని మేము నవ్వుకునేవాళ్ళం.

పెళ్ళయ్యాక మా ఆవిడని తీసుకొచ్చి, బజారులో కిరాణా కొట్టున్న షావుకారు ఇంటి వెనక వాటా కిరాయికి తీసుకున్నాను. ఒక గది, రేకుల వంటిల్లు, పెరట్లో నలుగురికీ కలిపి ఒక బావి. ఆవిడ కోపిష్టిది, మాట పడదు. పని కూడా అంతే వేగం. అలాంటి మనిషి రెండేళ్ళు తిరిగేసరికి కూరల సంచీతో బజారు నుంచి ఇంటికి వస్తూ దారిలో రెండుచోట్ల కూర్చోవడం మొదలుపెట్టింది. అడిగితే గ్యాసు అనేది. బావిలోంచి చేద లాగి గట్టుకి ఆనుకుని నోరు తెరిచి గాలి పీల్చుకునేది. నేను చూస్తే మొహం తిప్పేసుకునేది.

మొదట ప్రైవేటు డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాను. బీమా దవాఖాన అంటే మాకు అంత చులకన. ఆయన రక్తం తక్కువన్నాడు, టానిక్కు రాశాడు. నెల తర్వాత ఇంకో టానిక్కు. ఏడాదిలో ఆయన ఫీజు రెండుసార్లు పెరిగింది, టానిక్కు సీసా ధర మూడుసార్లు పెరిగింది, మా ఆవిడ ఆయాసం ఎన్నిసార్లు పెరిగిందో లెక్క లేదు. చివరికి ఇక చేతిలో డబ్బు ఆడక, తిట్టుకుంటూనే కార్డు పట్టుకుని దవాఖానకి వెళ్ళాను.

అక్కడ ఒక లేడీ డాక్టరు ఉండేది. గొట్టం మా ఆవిడ గుండె మీద పెట్టి, కళ్ళు మూసుకుని, చాలాసేపు విన్నది. ఎడమ వైపుకి తిప్పి పడుకోబెట్టి మళ్ళీ విన్నది. చిన్నప్పుడు కీళ్ళ వాపులు, జ్వరాలు వచ్చాయా అని అడిగింది. వచ్చాయంది మా ఆవిడ. డాక్టరు నగరంలో పెద్ద బీమా ఆసుపత్రికి చీటీ రాసింది.

పెద్దాసుపత్రిలో చెప్పింది ఏమిటంటే, గుండెలో ఒక వాల్వు బిగుసుకుపోయింది. నేను పంపుల మనిషిని కదా, పైపు లోపల తుప్పు పట్టి బోరు తగ్గినట్టా అని అడిగాను. డాక్టరు నవ్వి, సరిగ్గా అంతేనన్నాడు. పక్కటెముకల మధ్య నుంచి లోపలికి వెళ్ళి దాన్ని వెడల్పు చేస్తారట. చేస్తే మామూలు మనిషి అవుతుంది. చేయకపోతే ఎన్నాళ్ళో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అలాంటి కేసులు చాలా ఉన్నాయి, చేసే డాక్టర్లు తక్కువ, పేరు రాసుకుంటాం, ఏడెనిమిది నెలల్లో పిలుపు వస్తుంది అన్నారు. అంతవరకూ మూడు వారాలకో ఇంజక్షను, రోజూ మాత్రలు. పిల్లల సంగతి అప్పటిదాకా తలపెట్టవద్దన్నారు. ఖర్చంతా కార్డు మీదే.

బయటికి వచ్చాక ఆసుపత్రి ఎదురుగా మందుల షాపులో ఊరికే ఆ ఇంజక్షను ఖరీదు అడిగాను. మాత్రల ఖరీదు అడిగాను. బయట ఆపరేషను చేయిస్తే ఎంతవుతుందో అక్కడే నిలబడ్డ ఇంకో రోగి తాలూకు మనిషి చెప్పాడు. మేమిద్దరం, మా గదిలో సామాను, తెనాలిలో నా వాటాకి వచ్చే అర ఎకరం కలిపి అమ్మినా అందులో సగం రాదు. ఆ నెల నుంచి జీతం కవర్లో బీమా కోత చూసి తిట్టుకోవడం మానేశాను.

పేరు రాసుకున్న నాలుగు నెలలకు మా కంపెనీలో కొత్త జీతాల ఒప్పందం కుదిరింది. దాని కోసం ఏడు నెలలుగా గేటు దగ్గర మీటింగులు పెట్టాం. ఎండలో నిలబడి నినాదాలిచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను, ముందు వరసలోనే. పని నైపుణ్యాన్ని బట్టి గ్రేడులు, గ్రేడుని బట్టి జీతం. టర్నర్లకి పై గ్రేడు. ఆ రోజు షెడ్డులో జిలేబీలు పంచారు. నేను రెండు తిని, రెండు కాగితంలో కట్టుకుని మా ఆవిడకి తీసుకెళదామని జేబులో పెట్టుకుంటుంటే, టైం కీపరు పిలిచాడు. సంగారెడ్డి మనిషి, మెత్తటివాడు. హాజరు పుస్తకం, బీమా కార్డులు, జీతాల పట్టీ అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. పని తెలిసినవాణ్ణి ఉస్తాద్ అని పిలవడం అక్కడి అలవాటు.

"ఉస్తాద్, జెర ఇట్ల రా. కూసో," అన్నాడు. "నీ కొత్త తంఖా చూసిన. బీమాకు ఒక గీత ఉంటది, ఎరుకేనా? తంఖా ఆ గీత లోపల ఉన్నోనికే కార్డు. నీది ఆ గీతను పదకొండు రూపాయలు దాటుతున్నది."

"దాటితే ఏమవుతుంది?"

"బీమా లెక్క ఆర్నెల్లకోసారి. ఈ ఆర్నెల్లు అయిపోయేదాక కార్డు నడుస్తది. ఇగ ఆ తర్వాత బంద్. కోత ఉండదు, దవాఖాన ఉండదు. సొంతంగ చూపించుకునే తాహతు ఉన్నోని కింద లెక్క."

ఆ ఆర్నెల్లు పూర్తి కావడానికి ఇంకా ఏడు వారాలే ఉన్నాయి. ఆపరేషనుకి పిలుపు రావడానికి ఎంత లేదన్నా మూడు నాలుగు నెలలు. పదకొండు రూపాయలతో నేను తాహతున్న మనిషినైపోయాను. ఆ పదకొండు రూపాయలకి మూడు ఇంజక్షన్లు కూడా రావు.

మర్నాడే యూనియన్ కార్యదర్శి దగ్గరికి వెళ్ళాను. కంది ఊరివాడు, ఫిట్టరు, నాకన్నా చిన్నవాడు, నిజాయితీపరుడు. నాకు పెంపు వద్దు, పాత జీతమే ఇప్పించమని అడిగాను. అతను బీడీ ఆర్పేశాడు.

"అన్నా, నీ పరేషాన్ నాకు సమజ్ అయితది. వదినె సంగతి నాకు ఎరుక లేదా? గని అగ్రిమెంట్ల ఒక్కనికి పాత తంఖా అంటే రేపు కంపెనోడు ఇంకో పదిమందిని లోపటికి పిలుస్తడు. నువ్వు గూడ రాసియ్యి, నువ్వు గూడ రాసియ్యి అంటడు. ఏడు నెలలు గేటు కాడ ఎందుకు నిలవడ్డం మరి?"

అతను అన్నదాంట్లో తప్పు లేదు. అతని చోట నేనుంటే అదే అనేవాణ్ణి. అది తెలిసినందువల్ల నాకు మరింత నీరసం వచ్చింది. పోట్లాడదామంటే ఎదురుగా శత్రువు కూడా లేడు.

దారి చూపించింది మళ్ళీ టైం కీపరే. టర్నరు గ్రేడులో పాత జీతం కుదరదు గానీ, గ్రేడే మారితే కుదురుతుంది. హెల్పరు గ్రేడు జీతం గీతకి చాలా లోపల ఉంది. "నీ నోటితోని అడుగుతె మేనేజర్ కాదనడు. గని ఉస్తాద్, మంచిగ ఆలోచించుకో," అన్నాడు. ఆలోచించుకోవడానికి నాకేం మిగిలింది? ఆ మధ్యాహ్నమే వెళ్ళాను.

మేనేజరు నా మాటంతా విన్నాడు. జాలిపడ్డాడు కూడా, అది నటన అని నేను అనను. కానీ కారణం లేకుండా పనివాణ్ణి కింది గ్రేడుకి దించితే లేబరాఫీసు నుంచి నోటీసు వస్తుందన్నాడు. కార్డు కోసమని రాస్తే బీమావాళ్ళు ఒప్పుకోరు. అందుకని ఆరోగ్య కారణం ఏదైనా రాసివ్వమన్నాడు. ఏం రాయాలో నాకు తోచలేదు. ఆయనే చెప్పాడు, నేను రాశాను. కొంతకాలంగా నాకు చూపు సరిగా ఆనడం లేదు, కొలతలు తప్పుతున్నాయి, లేత్ మిషను మీద పని చేయలేకపోతున్నాను, కనుక నా ఇష్టపూర్వకంగా హెల్పరు గ్రేడుకి మార్చవలసిందిగా కోరుతున్నాను. కింద సంతకం.

నా దస్తూరి బాగుంటుంది. ఒప్పందం తాలూకు కోరికల పత్రం కూడా యూనియన్‌వాళ్ళు నాచేతే రాయించారు. కొలతలు తప్పుతున్నాయి అన్న మాట దగ్గర మాత్రం కలం ఆగింది. వెంట్రుకలో పదో వంతు తేడా వేలితో తడిమి చెప్పేవాణ్ణి నేను. ఆరేళ్ళలో నా చేతి మీద చెడిపోయిన షాఫ్టు ఒక్కటి లేదు. నా మీద నేనే చాడీ రాసుకుని, దాని నకలు మీద కంపెనీ ముద్ర వేయించుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ కాగితం ముందుముందు ఏం చేస్తుందో ఆ రోజు నాకు తట్టలేదు. కార్డు నిలిచింది, అంతే చాలనుకున్నాను.

మా ఆవిడకి చెప్పలేదు. జీతం పెరిగిందా అని అడిగితే, పెరిగింది గానీ కోతలు కూడా పెరిగాయన్నాను.

పొద్దున్నే వెళ్ళి షెడ్డు ఊడ్చేవాణ్ణి. మిషన్ల కింద పోగుపడ్డ ఇనుప పొట్టు తట్టలకెత్తి బయట పోసేవాణ్ణి. పోత ఇనుప ముక్కలు బండి మీద తోసుకొచ్చి మిషన్ల పక్కన పేర్చేవాణ్ణి. నా లేత్ మీదికి రెండో షిఫ్టు నుంచి ఇంకో టర్నరుని మార్చారు. మంచివాడే గానీ చేయి బరువు. వారం తిరక్కుండానే, "ఉస్తాద్, జెర గీ టూల్ చూడు, లైన్ తప్పుతున్నది," అని నన్ను పిలవడం మొదలుపెట్టాడు. నేను చీపురు గోడకి ఆనించి, చూపు ఆనని కళ్ళతో టూల్ సరిచేసి, కొలిచి, మళ్ళీ చీపురు అందుకునేవాణ్ణి. ఫోర్‌మాన్ చూసి కూడా చూడనట్టు అవతలికి పోయేవాడు. కంపెనీకి టర్నరు పని హెల్పరు జీతానికి దొరుకుతుంటే ఆయనకి మాత్రం ఏం బాధ?

యూనియన్ కార్యదర్శి భయపడ్డదీ జరిగింది. ఇంట్లో రోగం ఉన్నవాళ్ళు మరో ఇద్దరు నా దారి పట్టారు. ఒకడికి నడుం నొప్పి, ఒకడికి చేతి వణుకు, కాగితం మీద. అతను నన్ను పల్లెత్తు మాట అనలేదు. క్యాంటీనులో నా పక్కన కూర్చోవడం మాత్రం మానేశాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆవిడ సూదీ నల్ల దారం తెచ్చి నా చేతిలో పెట్టింది. "కాస్త ఎక్కించండి, రవికె కుట్టుకోవాలి," అంది. ఎక్కించి ఇచ్చాను. ఇంకా సన్న సూది తెచ్చింది. అదీ ఎక్కించాను. ముత్యాలు గుచ్చే సూది తెచ్చి, వెలుతురు తక్కువున్న తలుపు మూలకి నన్ను జరగమంది. దానికీ ఎక్కించి, ఎన్ని రవికెలు కుడతావేమిటని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నాలుగు రోజులుగా ఇంట్లో చెంబులు, పీటలు అడ్డదిడ్డంగా దారిలో ఉంటున్నాయి. ఎందుకుంటున్నాయో నాకు తట్టలేదు. నేను తన్నుకుని పడతానా లేదా అని చూస్తోందట.

జాకెట్లోంచి మడిచిన కాగితం తీసి నా ముందు పరిచింది. ఇంజక్షను చీటీ కోసం రేకు పెట్టె వెతుకుతుంటే దొరికింది. ఐదో తరగతి దాకా చదువుకుంది, నా దస్తూరి తెలుసు.

"నాలుగు రోజుల్నించీ చచ్చిపోతున్నాను," అంది. "మీకు కళ్ళు పోతున్నాయి, నాకు చెప్పకుండా దాచుకుంటున్నారు అనుకున్నాను. దేవుడికి మొక్కుకున్నాను కూడా. మూడు సూదులకి దారం ఎక్కించారు కదా, ఇప్పుడు చెప్పండి, ఏమిటిది?"

చెప్పాను. పదకొండు రూపాయల దగ్గర్నుంచి చీపురు దాకా. వింటుంటే ఆవిడ మొహం ఎర్రబడింది, ఆయాసం మొదలైంది. నాకు భయం వేసి ఆపాను. కానివ్వండి అంది.

"నన్ను అడిగారా?"

"అడిగితే ఒప్పుకునేదానివి కాదు."

"ఒప్పుకోను. అందుకే అడగాలి. జబ్బు నాది. దానికి ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో నాకూ ఒక మాట ఉంటుంది. రేపు నేను బతికితే ఏమవుతుంది? కంచంలో అన్నం పెడుతుంటే మీకు నా మొహం కనబడదు, మీ మిషను కనబడుతుంది. ఆ మొహం వేసుకుని నేను మీ ఎదుట తిరగాలి."

మూడు రోజులు మాట్లాడలేదు. అన్నం వడ్డించి అవతలికి వెళ్ళి కూర్చునేది. మాత్రలు వేసుకోవడం కూడా మానేస్తుందేమోనని లెక్కపెట్టేవాణ్ణి. నాలుగో రోజు నేను పనికి బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి చెప్పింది. "ఆపరేషనుకి వస్తాను. కానీ అది అవగానే మీరు మళ్ళీ మీ మిషను మీదికి వెళ్ళాలి. మాటిస్తే వస్తాను, లేకపోతే లేదు." నేను ఆలోచించకుండా మాటిచ్చాను. అప్పుడు ఏ మాటైనా ఇచ్చేవాణ్ణి.

పిలుపు నేననుకున్న దానికన్నా ఆలస్యంగా, ఏడాది తిరిగాక వచ్చింది. ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులున్నాం. పొద్దున్నే పటాన్‌చెరు నుంచి బస్సులో వెళ్ళి, సాయంత్రం దాకా వార్డు బయట మెట్ల మీద కూర్చుని వచ్చేవాణ్ణి. ఆపరేషను రోజున నాకు ఏం గుర్తుందంటే, కాళ్ళు చల్లబడిపోవడం, పక్కనున్న ముసలాయన తన ఎర్ర దుప్పటి నా కాళ్ళ మీద కప్పడం, అంతే. ఆవిడ బతికింది. మూడు నెలలకి బావిలోంచి చేద లాగి, గట్టుకి ఆనుకోకుండా, షావుకారు గారి కోడలితో కబుర్లు చెబుతూ ఇంకో చేద లాగింది. నేను పెరటి గుమ్మంలో నిలబడి చూశాను. నా జీవితంలో అంత సంతోషం అంతకు ముందు లేదు, తర్వాతా లేదు.

అయినా ఇంజక్షన్లు ఇంకా కొన్నేళ్ళు ఆపకూడదన్నారు. కాబట్టి కార్డు కావాలి. కాబట్టి చీపురే. ఆవిడ ప్రతి నెలా జీతం రోజున అడిగేది, మిషను మీదికి ఎప్పుడు అని. వచ్చే నెల అనేవాణ్ణి. ఈలోగా బియ్యం ధర, కిరాయి, బస్సు టిక్కెట్టు, ప్రైవేటు డాక్టర్ల ఫీజులు అన్నీ పెరుగుతూ పోయాయి, టర్నర్ల జీతాలూ కొద్దికొద్దిగా పెరిగాయి. నా గ్రేడు మాత్రం పాతాళంలోనే ఉంది.

తర్వాత కొన్నాళ్ళకి ప్రభుత్వం ఆ గీతను బాగా పైకి జరిపింది. టైం కీపరే పరుగున వచ్చి చెప్పాడు. ఇప్పుడు టర్నరు జీతం తీసుకున్నా కార్డు పోదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మా ఆవిడకి చెబితే, ఆవిడ నా పాత పని చొక్కా పెట్టెలోంచి తీసి ఉతికి ఆరేసింది. మర్నాడు దరఖాస్తు పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళాను.

పాత మేనేజరు మారిపోయాడు. కొత్తాయన నా ఫైలు తెప్పించి, కాగితాలు తిరగేసి, ఒకటి తీసి నా వైపు తిప్పాడు. నా దస్తూరి.

"చూపు ఆనడం లేదని మీరే రాశారు. ఇలాంటి మనిషిని లేత్ మీద పెడితే, రేపు వేలు తెగితే, బీమావాళ్ళు నన్ను అడుగుతారు. ఎలా పెట్టమంటారు?"

"ఇప్పుడు బాగానే ఆనుతోందండీ."

"అలాగా. ఎలా బాగైంది? ఎవరు వైద్యం చేశారు? చీటీ ఉందా?"

నా దగ్గర ఏ చీటీ లేదు. బయటికొచ్చి టైం కీపరుతో అన్నాను, కళ్ళ డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తెస్తానని. ఆయన తల అడ్డంగా ఊపాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"వద్దు ఉస్తాద్. చూపు మొదటి నుంచి మంచిగనే ఉన్నదని తేలితె, గీ కాగితం అబద్ధమైతది. అబద్ధం రాసి కార్డు నిలవెట్టుకున్నవని పైకి రాస్తరు. ఆపరేషన్ ఖర్చంత కట్టుమంటరు. నీ తోని ఇంకిద్దరున్నరు, ఆళ్ళ మీదికి గూడ వస్తది. నేనే నీకు ఆ తొవ్వ చెప్పిన. తప్పు నాది గూడ ఉన్నది."

ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నేనే ఆయన్ని ఓదార్చాల్సి వచ్చింది. యూనియన్ దగ్గరికి వెళ్ళే మొహం నాకు లేదు. గుడ్డివాణ్ణని చెప్పి పని పోగొట్టుకున్నాను, గుడ్డివాణ్ణి కాదని చెప్పి తిరిగి తెచ్చుకునే వీలు లేదు. షెడ్డులోకి వెళ్ళి మిగిలిన సగం రోజూ ఇనుప పొట్టు మోశాను.

ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ పెరట్లో బియ్యం చెరుగుతోంది. నా మొహం చూసి చేట కింద పెట్టింది. జరిగింది చెప్పాను. ఇచ్చిన మాట తప్పానన్నాను. ఆవిడ చేటలో మిగిలిన బియ్యం డబ్బాలోకి ఒంపింది. తర్వాత, "బాధగా ఉందా?" అని అడిగింది.

"లేదు. నువ్వు బాగున్నావు, అది చాలదా?" అన్నాను.

"నాకు అబద్ధాలు చెప్పకండి. ఒక అబద్ధం చాలు."

అప్పుడు చెప్పాను. నువ్వు బతికావని సంతోషంగా ఉంది, నా పని పోయిందని గుండె మండిపోతోంది, రెండూ ఒకేసారి ఉన్నాయి, ఏం చేయమంటావు అన్నాను. ఆ మాట ఆవిడతో అనవలసి వస్తుందని ఎన్నాళ్ళుగానో భయపడ్డాను. అన్నాక ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. లేచి వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

"ఉండనివ్వండి రెండూ," అంది. "నన్ను చూసి ఆ బాధని మింగకండి, అది నాకు ఇంకా కష్టం. ఏడవాలనుంటే నా ఎదురుగానే ఏడవండి."

ఏడ్చాను. పొద్దు ఇంకా కుంకలేదు, షావుకారు ఇంటివాళ్ళు కిటికీలోంచి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

రిటైరయ్యేదాకా హెల్పరుగానే చేశాను. కాలం గడిస్తే ఆ బాధ పోతుందన్నారు గానీ పోలేదు. మిషను చప్పుడు విని టూల్ ఎక్కడ తప్పుతోందో తెలిసిపోయిన రోజుల్లో మరీ కష్టంగా ఉండేది. అలాంటి సాయంత్రాలు ఇంటికెళ్ళి, ఆవిడ కూరగాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని, ఆ రోజు షెడ్డులో ఏం పాడుచేశారో, నేనైతే ఎలా చేసేవాణ్ణో చెప్పి కోప్పడేవాణ్ణి, ఒక్కోసారి ఏడ్చేవాణ్ణి. ఆవిడకి లేత్ అంటే ఏమిటో తెలీదు, ఎన్నడూ చూడలేదు. అయినా ఇరవై ఏళ్ళ పైన విన్నది, ఒక్కరోజు విసుక్కోలేదు. చెప్పుకుని ఏడవడానికి ఆ మనిషి ఎదురుగా ఉంది. నేను ఆ కాగితం రాసిచ్చింది అందుకే.